ఒకేలా పనిచేసే ప్యాకేజీలకు వేరువేరు ట్యాగులు ఎప్పుడు పెట్టాలి: నిర్ణయం నుంచి అమలు వరకు

ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైట్లలో ప్రతి ప్రశ్నకూ అది దేని గురించో చెప్పే ట్యాగులు పెడతారు. ఇతరులు రాసిపెట్టిన సిద్ధ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకూ ట్యాగులుంటాయి. "రెండు ప్యాకేజీలూ చేసే పని ఒకటే కదా, రెండు ట్యాగులెందుకు?" అని కొందరు అడుగుతారు. "పేర్లు వేరు, రాసినవాళ్లు వేరు, ఒకే ట్యాగు ఎలా సరిపోతుంది?" అని మరికొందరు అడుగుతారు. ప్యాకేజీలను పక్కపక్కన పెట్టి పోల్చినంతసేపూ ఈ వాదన తెగదు. పోల్చవలసింది జవాబులను. ఒక ప్యాకేజీ గురించి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు రెండో ప్యాకేజీ వాడేవారికి కూడా పనికొస్తే ఒక ట్యాగు చాలు. పనికిరాకపోగా వారిని తప్పుదారి పట్టిస్తే రెండు కావాలి. దీన్ని ఊహతో కాకుండా చదివి, లెక్కపెట్టి ఎలా తేల్చాలో వరుసగా చెబుతాను. ఇందులోని రెప్యుటేషన్ (సభ్యులు సైటులో సంపాదించే పాయింట్లు) అంకెలు స్టాక్ ఓవర్‌ఫ్లో సైటువి. అదే కుటుంబంలోని చిన్న సైట్లలో ఆ అంకెలు తక్కువగా ఉంటాయి.

1. పని మొదలుపెట్టే ముందు

కొత్త ట్యాగు పెట్టడానికి నిమిషం పడుతుంది. వందల ప్రశ్నలకు పాకిన తర్వాత దాన్ని తీయాలంటే నెలలు పడుతుంది. అందుకే ముందస్తు పనికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి.

ఒక ప్రశ్నకు ఐదు ట్యాగులే పట్టే సైటులో ప్రతి ట్యాగూ ఒక కుర్చీని ఆక్రమిస్తుందని గుర్తుంచుకోండి. భాష పేరు, చట్రం (ఫ్రేమ్‌వర్క్) పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, సమస్య పేరు కూర్చున్నాక మిగిలేది ఒక్క కుర్చీయే. దాని కోసం రెండు కవల ట్యాగులు పోటీపడేలా చేస్తే, ప్రశ్నను సరైన వ్యక్తికి చేర్చగలిగే మరో ట్యాగుకు చోటు లేకుండా పోతుంది.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి:

☐ రెండు ప్యాకేజీల పేర్లతోనూ, వాటి పాత పేర్లతోనూ, పొట్టి పేర్లతోనూ ట్యాగుల పేజీలో వెతికాను.
☐ ఇప్పటికే ఉన్న ట్యాగు పరిచయ వాక్యాలను, వికీని (ట్యాగు వివరణ పేజీని) పూర్తిగా చదివాను.
☐ ఆ ట్యాగుకు ఉన్న పర్యాయ ట్యాగుల (దానికే దారితీసే మారుపేర్ల) జాబితా చూశాను.
☐ సైటు నడక గురించి చర్చించే మెటా విభాగంలో ఇదే చర్చ ఇంతకుముందు జరిగిందేమో వెతికాను.
☐ రెండు ప్యాకేజీలనూ కనీసం ఒక్కసారి నా యంత్రంలో నడిపి చూశాను.

చివరి గడిని చాలామంది చూడకుండానే టిక్కు పెట్టేస్తారు. రెండింటిలో ఒకదాన్నే వాడినవారికి రెండోది దానికి నకలులాగానో, దానికి శత్రువులాగానో కనిపించడం సహజం కనుక, ఆ ఒక్క గంట పనిని మాత్రం వదలకండి.

2. రెండింటి మధ్య చుట్టరికం ఏమిటో తేల్చండి

ఒకేలా కనిపించే ప్యాకేజీలన్నీ ఒకే కారణంతో అలా కనిపించవు. కింది నాలుగు వరసలలో మీ జంట ఏదో ముందు గుర్తించండి.

*వారసుడు, వాడుక మారలేదు.* పైథాన్‌లో బొమ్మలతో పనిచేసే పాత పిల్ (PIL) గ్రంథాలయం, అంటే కోడ్ ప్యాకేజీ, 2009లో వచ్చిన 1.1.7 విడుదలతో ఆగిపోయింది. దాని నుంచి పుట్టిన పిల్లో దాని స్థానంలోకి వచ్చింది. అయినా కోడ్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు ఇప్పటికీ పిల్ అనే రాస్తాము. రెండూ ఒకే వాతావరణంలో కలిసి ఉండలేవు. ఇక్కడ రెండు ట్యాగులు పెడితే, ఏది వాడుతున్నారో అడిగేవారికే తెలియని స్థితి వస్తుంది. ఒకటే చాలు.

*వారసుడు, లోపల అంతా మారింది.* యాంగ్యులర్‌జేఎస్, యాంగ్యులర్ అనే వెబ్ చట్రాలు ఈ వరసకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 2016లో వచ్చిన రెండో సంస్కరణను టైప్‌స్క్రిప్ట్‌లో మొదటి నుంచి మళ్లీ రాశారు. మొదటిదానిలోని స్కోప్, కంట్రోలర్ అనే భాగాల గురించిన జవాబులు రెండోదాంట్లో ఎక్కడా అతకవు. పేర్లు ఎంత దగ్గరగా ఉన్నా ఇక్కడ రెండు ట్యాగులు తప్పవు.

*ఒకే కాండం నుంచి చీలి దూరమవుతున్న కొమ్మలు.* మైఎస్‌క్యూఎల్, 2009లో దాని నుంచి విడిపోయిన మరియాడీబీ అనే డేటాబేస్‌లు. నిర్ణయం అన్నిటికంటే కష్టమయ్యేది ఈ వరసలోనే. మొదట్లో దాదాపు అన్ని జవాబులూ రెండింటికీ సరిపోయేవి. ఏళ్లు గడిచేకొద్దీ సరిపోనివి పెరుగుతున్నాయి.

*సంబంధం లేని పోటీదారులు.* ఒకే పనిని వేరువేరు దారులలో చేసేవి. వీటికి సాధారణంగా వేరు ట్యాగులే ఉంటాయి, అయితే ఆ పనికి కూడా ఒక ట్యాగు అవసరమా అన్న ప్రశ్న మిగులుతుంది. దాని సంగతి ఆరో అంచెలో చూద్దాం.

3. ముప్పై ప్రశ్నలు చదివి జవాబులను మార్చి చూడండి

మొత్తం పనికి గుండెకాయ ఇదే. తక్కిన అంచెలలో తొందరపడినా దిద్దుకోవచ్చు, ఇక్కడ తొందరపడితే దిద్దుకోలేరు.

రెండు ప్యాకేజీలలో ఏదో ఒకదాని పేరున్న ప్రశ్నలను ముప్పై ఎంచుకోండి. ఎక్కువ ఓట్లు వచ్చినవి పది, ఇటీవలివి పది, మధ్యకాలంలోవి పది ఉండేలా చూడండి. ఎక్కువ ఓట్లు వచ్చినవి మాత్రమే తీసుకుంటే అన్నీ పాతవే వస్తాయి. అవి ప్యాకేజీలు ఇంకా కవలలుగా ఉన్న కాలానివి కనుక లెక్క ఒకవైపు ఒరుగుతుంది.

ఒక్కో ప్రశ్నకు నాలుగు గడులు పెట్టుకోండి: అడిగినవారు చెప్పిన ప్యాకేజీ, వారు నిజంగా వాడుతున్న ప్యాకేజీ, అంగీకరించిన జవాబు, ఆ జవాబు రెండో ప్యాకేజీలో ఏమవుతుంది. చివరి గడిలో ఈ మూడింటిలో ఒకటి రాయండి.

అ) ఉన్నదున్నట్టుగా పనిచేస్తుంది.
ఆ) పేరో, ఆదేశమో మార్చితే పనిచేస్తుంది.
ఇ) పనిచేయదు, లేదా పనిచేసినట్టు కనిపించి తప్పు ఫలితం ఇస్తుంది.

నమూనాకు మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ జంటనే తీసుకుందాం. రెండు పట్టికలను జాయిన్‌తో కలపడం, గ్రూప్ బై చేయడం, యూనికోడ్ తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు రావడం, ఇవన్నీ 'అ' గడిలోకి వెళ్తాయి. చేర్చిన వరుస విలువలను వెంటనే తిరిగి ఇచ్చే రిటర్నింగ్ అన్న పదం మరియాడీబీలో 10.5 నుంచి ఇన్సర్ట్‌తో పనిచేస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు. ఆ జవాబు 'ఇ' గడిలోకి వెళ్తుంది. జేసన్ (JSON) రూపంలోని డేటాను నిలువ చేసే కాలమ్ సంగతి ఇంకా చిత్రం: మైఎస్‌క్యూఎల్‌లో అది ప్రత్యేక రకం, మరియాడీబీలో లాంగ్‌టెక్స్ట్ అనే మామూలు పాఠ రకానికి మరో పేరు మాత్రమే. పట్టికను సృష్టించే వాక్యం రెండు చోట్లా చక్కగా నడుస్తుంది కాబట్టి చదివేవారు దాన్ని 'అ' అనుకుంటారు. నిలువ చేసే తీరు మీద ఆధారపడిన జవాబు మాత్రం రెండోచోట బెడిసికొడుతుంది. ఇలాంటివి 'ఇ'లో వేయండి. తప్పని వెంటనే తెలిసే జవాబుకన్నా, తెలియకుండా తప్పే జవాబు చదివేవారికి ఎక్కువ నష్టం చేస్తుంది.

లెక్క ఇలా తీయండి. ముప్పైలో 'ఇ' మూడు లోపే ఉంటే రెండో ట్యాగు అవసరం కనిపించడం లేదు. పది దాటితే వేరు ట్యాగు కావాలి. ఈ రెండింటి మధ్యలో ఉంటే తర్వాతి రెండు అంచెలు తీర్పు చెబుతాయి. ఈ హద్దులు నేను పెట్టుకున్నవి, ఏ సైటు నియమావళిలోనివీ కావు. మీ రంగం స్వభావాన్ని బట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. అయితే లెక్క చూశాక జరపకండి, లెక్కకు ముందే జరపండి.

'ఆ' గడి ఎక్కువైనవారు తడబడతారు. పేరు మార్చితే సరిపోయే జవాబు అంటే, ఆ మార్పు చేయడం కొత్తవారికి చేతనైతేనే అది 'అ'తో సమానం. మార్పు ఎక్కడ చేయాలో తెలియాలంటే రెండు ప్యాకేజీల పత్రాలూ చదవవలసి వస్తే దాన్ని 'ఇ' కిందే లెక్కించండి.

4. అడిగేవారికి తేడా తెలుసా అని చూడండి

ట్యాగును ఎంచుకునేది నిపుణుడు కాదు, సమస్యలో చిక్కుకుని అర్ధరాత్రి ప్రశ్న టైపు చేస్తున్న మనిషి. తాను ఏది వాడుతున్నాడో అతనికి తెలియకపోతే మీరు ఎంత శాస్త్రీయంగా విడదీసినా ట్యాగులు కలగాపులగమే అవుతాయి.

మన ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు పీహెచ్‌పీ ప్రాజెక్టులకు వాడే జాంప్ (XAMPP) అన్న సర్వర్ సాఫ్ట్‌వేర్‌నే చూడండి. దాని నియంత్రణ పలకపై మైఎస్‌క్యూఎల్ అన్న మీట ఉంటుంది. 2015 నుంచీ లోపల నడిచేది మరియాడీబీ. విద్యార్థి నిజాయితీగానే మైఎస్‌క్యూఎల్ ట్యాగు పెడతాడు. దోష సందేశంలో మాత్రం "మీ మరియాడీబీ సర్వర్ సంస్కరణకు తగిన మాన్యువల్ చూడండి" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది, అతను దాన్ని గమనించడు.

ఇలాంటి జంటలో వేరు ట్యాగు పెట్టాలనుకుంటే, ఏది వాడుతున్నారో తెలుసుకునే ఒక చిన్న పరీక్ష మీ దగ్గర ఉండాలి: ఒక ఆదేశం, దోష సందేశంలోని ఒక పదం, ఇంపోర్ట్ వాక్యంలోని ఒక పేరు. ఇక్కడ సెలెక్ట్ వర్షన్ అన్న ఒక్క ప్రశ్న డేటాబేస్‌కు వేస్తే చాలు. ఆ పరీక్ష ట్యాగు పరిచయంలో మొదటి రెండు వాక్యాలలో ఇమడకపోతే, వేరు ట్యాగు పెట్టినా ఫలితం ఉండదని నా అనుభవం.

5. జవాబు చెప్పేవారు ఎవరో చూడండి

రెండు ప్యాకేజీల ప్రశ్నలకు తరచుగా జవాబిచ్చే ఐదారుగురి పేర్లు రాసుకోండి. రెండు జాబితాలలో అవే పేర్లుంటే, ఒక ట్యాగును అనుసరిస్తే చాలని వారికి సౌకర్యంగా ఉంటుంది. వేరువేరు మనుషులైతే, తమకు తెలియని ప్యాకేజీ ప్రశ్నలు వరదలా వస్తున్నందువల్ల వారు ఆ ట్యాగును అనుసరించడమే మానేసే ప్రమాదం ఉంది. వేరు ట్యాగు వల్ల కలిగే నిజమైన లాభాలలో ఇది ఒకటి.

6. తీర్పు

మీ ముందు దారులు రెండు కావు, నాలుగు.

*ఒక ట్యాగు, రెండోది దానికి పర్యాయం.* 'ఇ' దాదాపు లేనప్పుడు. పిల్, పిల్లో ఇందుకు తగినవి.

*పూర్తిగా వేరు ట్యాగులు, కలిపి వాడకూడదు.* 'ఇ' ఎక్కువ, జవాబు చెప్పేవారు వేరు, అడిగేవారు తేడా చెప్పగలరు. యాంగ్యులర్ జంట.

*పెద్ద ట్యాగు, దాని పక్కన చిన్న ట్యాగు.* చాలా జవాబులు ఉమ్మడి, కొన్ని మాత్రం ఒకదానికే పరిమితం. పైథాన్ ప్రశ్నలకు పైథాన్ ట్యాగు ఎప్పుడూ ఉండాలి, జవాబు ఏదో ఒక సంస్కరణకే పరిమితమైనప్పుడు మాత్రం పక్కన 2.7 ట్యాగో 3 ట్యాగో చేర్చాలి. సంస్కరణ ట్యాగును ఒంటరిగా వదిలితే ఆ ప్రశ్న పైథాన్ చూసే వేలమంది కళ్ల నుంచి తప్పిపోతుంది.

*ప్యాకేజీకి కాక పనికి ట్యాగు.* మరిచిపోయే దారి ఇది. అచ్చు పత్రాలు కూర్చే లేటెక్ (LaTeX) సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పుస్తకం కూర్చేవారు, భాషను అమర్చడానికి కొందరు బేబెల్ వాడతారు, కొందరు పాలిగ్లాసియా వాడతారు. ఈ రెండింటికీ వేరు ట్యాగులుండటం సబబే, ఎందుకంటే తేదీలు, శీర్షిక పదాలు, భాష మార్చే ఆదేశాలు రెండింటిలో వేరు. కానీ "వత్తులు అక్షరం కిందికి చేరకుండా పక్కన పడుతున్నాయి" అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండింటిలోనూ లేదు. ఫాంట్లను అమర్చే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో లిపి తెలుగు అని చెప్పడంలోనో, లువాలేటెక్ (లేటెక్‌ను నడిపే ఒక ఇంజిన్) అయితే అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ రెండరర్‌ను ఎంచుకోవడంలోనో ఉంది. అటువంటి ప్రశ్నపై బేబెల్ ట్యాగు ఉన్నా లేకున్నా ఒకటే. ఫాంట్‌స్పెక్, ఇండిక్ లిపుల ట్యాగులే దానికి దారి చూపుతాయి.

7. ఒక చిక్కు జంటను, నిజానికి ముగ్గురిని, విప్పి చూద్దాం

లేటెక్‌లో ఒకే బొమ్మలో చిన్న చిన్న బొమ్మలు పెట్టి ఒక్కోదానికి వేరు శీర్షిక ఇవ్వడానికి సబ్‌ఫిగర్, సబ్‌ఫిగ్, సబ్‌క్యాప్షన్ అనే మూడు ప్యాకేజీలున్నాయి. సబ్‌ఫిగర్ కాలం చెల్లినది. దాని రచయితే సబ్‌ఫిగ్‌ను దానికి వారసుడిగా రాశారు. సబ్‌క్యాప్షన్ మాత్రం క్యాప్షన్ ప్యాకేజీల సమూహానికి చెందినది.

చుట్టరికం చూస్తే మొదటి రెండూ వారసత్వ వరసే, అయితే ఆదేశం మారింది: పాతదాంట్లో సబ్‌ఫిగర్ ఆదేశం, కొత్తదాంట్లో సబ్‌ఫ్లోట్ ఆదేశం. అసలు తలనొప్పి మూడోదానితో మొదలవుతుంది. సబ్‌క్యాప్షన్ ప్యాకేజీ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ (బిగిన్, ఎండ్ ఆదేశాల మధ్య రాసే భాగం) పేరు సబ్‌ఫిగర్! అంటే ఆ ఒక్క మాట పాత ప్యాకేజీ పేరు, కొత్త ప్యాకేజీలోని ఎన్విరాన్‌మెంట్ పేరు, చిన్న బొమ్మకు సామాన్య నామం కూడా. ఆ పేరుతో ట్యాగు పెడితే ముగ్గురి ప్రశ్నలూ అందులోకే వస్తాయి.

ఇప్పుడు జవాబులు మార్చి చూడండి. "రెండు బొమ్మలు పక్కపక్కన రాక, ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి" అన్న ప్రశ్నకు సాధారణ కారణం కోడ్‌లో రెంటి మధ్య ఖాళీ గీత వదలడం, లేదా వెడల్పుల మొత్తం పాఠం వెడల్పును దాటడం. మూడు ప్యాకేజీలకూ అదే జవాబు, కాబట్టి 'అ'. రెఫరెన్స్‌లో బొమ్మ సంఖ్య ఎలా అచ్చవ్వాలన్నది ప్యాకేజీని బట్టి మారుతుంది, కాబట్టి 'ఇ'. సబ్‌ఫిగ్, సబ్‌క్యాప్షన్‌లను ఒకే పత్రంలో పిలిస్తే దోషం వస్తుంది, ఎందుకంటే అవి కలిసి పనిచేయవు. ఆ ప్రశ్నకు రెండు పేర్లూ అవసరమే. పాత సబ్‌ఫిగర్ ప్యాకేజీ ప్రశ్నలకు దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు: దాన్ని వదిలి కొత్తదానికి మారండి.

నా తీర్పు ఇది. చిన్న బొమ్మల పనికంతటికీ ఒక ఉమ్మడి ట్యాగు. దాని పక్కన, జవాబు ప్యాకేజీని బట్టి మారినప్పుడే, సబ్‌ఫిగ్ లేదా సబ్‌క్యాప్షన్. సబ్‌ఫిగర్ అన్న పేరుకు సొంత ట్యాగు వద్దు, దాన్ని ఉమ్మడి ట్యాగుకు పర్యాయం చేయాలి. పాత ప్యాకేజీకే పర్యాయంగా పెడితే సబ్‌క్యాప్షన్ వాడేవారు మోసపోతారు, సబ్‌క్యాప్షన్‌కు పెడితే పాతవారు మోసపోతారు.

8. అమలు: ఈ వరుస తప్పకండి

మొదట మెటాలో మీ ముప్పై ప్రశ్నల పట్టికను పెట్టి కనీసం వారం ఆగండి. వాదన కంటే పట్టిక ఎక్కువమందిని ఒప్పిస్తుంది, తప్పుంటే చూపించడానికీ వారికి చోటిస్తుంది.

తర్వాత పరిచయ వాక్యాలు రాసుకోండి, ట్యాగుకంటే ముందే. ప్రశ్న టైపు చేసేవారు ట్యాగును ఎంచుకునేటప్పుడు చూసేది వీటినే. "ఇది ఒక శక్తిమంతమైన గ్రంథాలయం" అని మొదలుపెట్టే పరిచయం ఎవరికీ ఉపయోగపడదు. ఇలా రాయండి: "మరియాడీబీ సర్వర్‌కే పరిమితమైన ప్రశ్నలకు వాడండి. ఏది నడుస్తున్నదో తెలియకపోతే ముందు సంస్కరణను అడిగి చూడండి. మైఎస్‌క్యూఎల్‌లోనూ అలాగే జరిగే సమస్యకు ఆ ట్యాగే పెట్టండి."

ఆపై ట్యాగును సృష్టించండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇందుకు 1,500 రెప్యుటేషన్ కావాలి. ట్యాగును తగిన ప్రశ్నకు జోడించడంతోనే అది పుడుతుంది, వేరే ఫారమ్ ఏదీ ఉండదు.

పాత ప్రశ్నలకు కొత్త ట్యాగు చేర్చడం నెమ్మదిగా సాగాలి. ప్రతి సవరణా ఆ ప్రశ్నను మొదటి పేజీకి తెస్తుంది. ఒకేసారి యాభై సవరిస్తే కొత్తగా అడిగినవారి ప్రశ్నలు వెనక్కి పోతాయి. రోజుకు ఐదారు చాలు. చేతిలో ఉన్న ప్రశ్నలో శీర్షిక, కోడ్ అమరిక, భాషా దోషాలు కూడా దిద్దండి.

పర్యాయం కావాలంటే 2,500 రెప్యుటేషన్‌తో పాటు ఆ ట్యాగులో మీ జవాబులకు కనీసం 5 స్కోరు ఉండాలి. మీ ప్రతిపాదనకు నికరంగా నాలుగు ఓట్లు వస్తే అది అమలవుతుంది. విలీనం మాత్రం మోడరేటర్లు చేసేది, అది పాత ప్రశ్నల మీది ట్యాగునూ మార్చేస్తుంది. పర్యాయాన్ని తీసేయవచ్చు, విలీనాన్ని విడదీయలేరు. అందుకే ముందు పర్యాయం పెట్టి కొన్నాళ్లు చూశాకే విలీనం అడగండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

*"ఏదో ఒకటి తగులుతుందిలే" అని రెండు ట్యాగులూ పెట్టడం.* అడిగినవారిని వ్యాఖ్యలో సంస్కరణ అడిగి, తేలాక తప్పుదాన్ని తీసేయండి. అడగకుండా ఊహతో తీయకండి.

*పేరు సామాన్య పదం కావడం.* పైథాన్‌లో రిక్వెస్ట్స్ గ్రంథాలయం ఉంది, ఆ మాటకు వెబ్‌లో నూరు అర్థాలున్నాయి. అందుకే స్టాక్ ఓవర్‌ఫ్లోలో దాని ట్యాగు పైథాన్ పేరుతో మొదలవుతుంది. మీ ప్యాకేజీ పేరు నిఘంటువులో దొరికే మాట అయితే భాష పేరునో చట్రం పేరునో ముందు చేర్చండి.

*చిన్న ప్యాకేజీకి తొందరపడి ట్యాగు పెట్టడం.* ఒకే ప్రశ్నకు పరిమితమై, వికీ కూడా లేని ట్యాగును ఆరు నెలల తర్వాత సైటే తుడిచేస్తుంది. పది ప్రశ్నలు పోగయ్యేదాకా పెద్ద ట్యాగుతోనే సర్దుకోండి.

*సొంత ప్యాకేజీ ప్రచారానికి ట్యాగు పెట్టడం.* రాసినవారికి తమ బిడ్డ ముద్దే. అయినా ట్యాగు అవసరమా అన్న లెక్కను వేరెవరిచేతనైనా చేయించండి.

*నిర్ణయం శాశ్వతమనుకోవడం.* చీలిన కొమ్మలు దూరమవుతూ ఉంటాయి. కొత్త పెద్ద విడుదల వచ్చినప్పుడు ఇటీవలి పది ప్రశ్నలతో మూడో అంచెను మళ్లీ చేయండి.

10. నెల తర్వాత చూడవలసినవి

☐ కొత్త ట్యాగుతో వచ్చిన ప్రశ్నలలో, నిజంగా ఆ ప్యాకేజీవి ఎన్ని?
☐ రెండు ట్యాగులూ కలిపి పెట్టినవి ఎన్ని? సగం దాటితే పరిచయ వాక్యాలు తిరగరాయాలి.
☐ ట్యాగును అనుసరిస్తున్నవారిలో జవాబులు ఇచ్చేవారు ఉన్నారా?
☐ పాత ట్యాగు పరిచయంలో కొత్త ట్యాగు ప్రస్తావన చేర్చానా?

చివరి గడి ఖాళీగా ఉంటే ఈ రోజే నింపండి. కొత్త ట్యాగు ఉందన్న సంగతి తెలియనివారంతా పాత ట్యాగు తలుపే తడతారు.